ఎరుపు మేడం సంతకం

"మిషన్ ఆపండి."

అంత రొదలో ఆ మాట ఎవరికీ వినబడకూడదు. కానీ వినబడింది. ప్రెస్‌లో అందరూ ఒక్కసారిగా తలలెత్తారు. నడుస్తున్న మిషన్‌ని ఆపమనడానికి అక్కడ యజమానికే నోరు రాదు.

లైట్ టేబుల్ దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో అప్పుడే బయటికొచ్చిన షీటు. దాని మీద పత్రిక ముఖచిత్రం. ఈతపోటీలో గెలిచి నీళ్లలోంచి లేస్తున్న యువతి.

ఆపరేటర్ మిషన్ ఆపలేదు. రెంచీ భుజాన పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఎవరండీ మీరు?"

"పత్రిక ఆఫీసు నుంచి. రంగులు చూడ్డానికి వచ్చాను."

"రంగులు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటారు. టీ వస్తుంది. తాగి, సంతకం పెట్టి వెళ్తారు. మీకంటే ముందున్నాయన అంతే చేసేవారు."

"నాకు టీ అలవాటు లేదు. ఈవిడ పై పెదవి చూడండి."

"చూశాను. బాగుంది."

"పెదవి గురించి కాదు. దాని అంచు గురించి."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆపరేటర్ చెవులు వేడెక్కాయి. భూతద్దం తీసి షీటు మీద పెట్టి వంగాడు. వంగినవాడు లేవలేదు.

పెదవికి రెండో అంచు ఉంది. వెంట్రుకలో సగం కూడా ఉండదు. రంగుల ముద్రణంటే నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒకదాని మీద ఒకటి పడటమే. రెండోదాని అసలు పేరు మెజెంటా. నోరు తిరక్కో, బద్ధకమో, ప్రెస్‌లో అందరూ ఎరుపనే అంటారు. ఆ ఎరుపు తన చోటు నుంచి రవ్వంత జరిగింది. భూతద్దంలో వెతికితే గానీ దొరకని దాన్ని ఈ అమ్మాయి ఉత్త కళ్లతో చూసింది.

అతను వెళ్లి మిషన్ ఆపేశాడు.

ఆ నిశ్శబ్దానికి ఫోర్‌మన్ తన గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. పెద్దాయన. అందరూ బాబాయ్ అంటారు.

"ఏమైందిరా? కరెంటు పోయిందా?"

"లేదు బాబాయ్," అన్నాడు ఆపరేటర్, ఆమెనే చూస్తూ. "వచ్చింది."

* * *

ఆ తర్వాత నెలనెలా ఆమె వచ్చేది. ఆ ప్రెస్‌లో ఒక పద్ధతి ఉంది. ముందు కొన్ని షీట్లు వేసి, రంగులు సరిచేసి, మంచిది ఒకటి లైట్ టేబుల్ మీద పెడతారు. పత్రిక తరఫున వచ్చిన మనిషి చూసి సంతకం చేస్తే, ఇక ఆ షీటే చట్టం. మిగతా వేలూ దానిలాగే రావాలి. ఎంత పొద్దుపోయినా సంతకం లేకుండా మిషన్ కదలదు.

ఆమె తొందరపడి సంతకం పెట్టేది కాదు. ఆపరేటర్ కూడా తొందరపెట్టడం మానేశాడు.

"ఏరా, మేడం వచ్చే రోజే నీకు దువ్వెన గుర్తొస్తుందేంటి?" అనేవాడు బాబాయ్.

"జుట్టు మిషన్‌లో పడుతుందని బాబాయ్."

"మరి ఆ సెంటు? మిషన్‌కి వాసన తెలుస్తుందా?"

మధ్యలో ఒకసారి ఆమె రాలేదు. ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. ఆ నెల ఎవరో వచ్చి టీ తాగి సంతకం పెట్టి పోయారు. ఆపరేటర్ ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకరి కోసం ఎదురుచూస్తున్నామని వాళ్లు రాని రోజునే తెలుస్తుంది. అప్పటికది ఎప్పుడో మొదలై ఉంటుంది.

మళ్లీ వచ్చినప్పుడు ఆమె మెడ చుట్టూ స్కార్ఫ్ ఉంది. కాస్త చిక్కింది. షీటు చూసి, "ఎరుపు చాల్లేదు" అంది.

ఆపరేటర్ రంగు కొలిచే మీటరు పెట్టి చూశాడు. "సరిగ్గానే ఉంది మేడం."

"మీటరు పత్రిక కొనదు. కన్ను కొంటుంది. కొంచెం పెంచండి."

పెంచాడు. ఇంకొంచెం అంది. ఇంకొంచెం పెంచాడు. ఆమె టేబుల్ పైనున్న లైట్ల వైపు చూసింది.

"ఈ బల్బులు పాతబడ్డాయి. వీటి కింద ఏదీ బతికున్నట్టు కనబడట్లేదు."

వచ్చే నెలకి బల్బులన్నీ మార్పించాడు. ఆమె వచ్చి, షీటు చూసి, పైకి చూసి, "వీటికంటే పాతవే నయం" అంది.

అప్పుడే ఆమెకు ఎరుపు మేడం అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్లే ఆపరేటర్‌ని ఒక పక్కకు లాగి చెప్పారు. "పిచ్చోడా, ఎరుపు కోసం కాదు. తొందరగా అయిపోతే ఇంటికెళ్లిపోవాలిగా. నీ దగ్గర ఇంకో గంట ఉందామని."

అతను నమ్మాడు. ఇరవై ఆరేళ్లవాడు నమ్మడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆమె ఇంకొంచెం ఎరుపు అన్నప్పుడల్లా అతనికి లోపల ఏదో గంట మోగేది. ఇంకు మీట నొక్కుతూ తనలో తను నవ్వుకునేవాడు.

ఆ నెల పత్రిక బయటికొచ్చాక ఎడిటర్ ఫోన్ చేశాడు. ఒక్క ముఖం కూడా మామూలుగా లేదట. అందరూ ఎండలో కందిపోయినట్టు ఉన్నారట. సంతకం ఎవరిదని అడిగాడు.

ఆపరేటర్ ఫోన్ అందుకున్నాడు. "సంతకం పడిన షీటు బాగానే ఉందండి. మధ్యలో ఎరుపు ఎక్కువ వదిలాను. తప్పు నాదే."

బాబాయ్ అతని ముఖంలోకి అలాగే చూశాడు. "అబద్ధం ఎందుకు చెప్పావురా?"

"ఆమెకి మాట రాకూడదు బాబాయ్."

"నీ జీతం కోస్తే?"

"కోస్తే కోయనీ."

బాబాయ్ తల ఊపుతూ వెళ్లిపోయాడు. ఆ రోజు అతను చేసింది చాలా గొప్ప పని అని విన్నవాళ్లందరికీ అనిపించింది. అతనికీ అలాగే అనిపించింది.

* * *

వానాకాలం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె తడిసిన చెప్పులతో వచ్చి గుమ్మం దగ్గర గొడుగు దులుపుతోంది. ఆపరేటర్‌కి ఆమెను నవ్వించాలని ఒక ఆలోచన వచ్చింది.

మిషన్ కడిగాక మొదట వచ్చే షీట్లు పనికిరావు. ఆ రోజు వాటిలో ఎరుపు వరదలా పడింది. ముఖచిత్రం మీద ఒక ముసలాయన నవ్వుతున్న ఫొటో. ఆయన బుగ్గలు కాల్చిన ఇటుకలా ఉన్నాయి, కళ్లలో తెలుపు కూడా ఎర్రగా. చెత్తలోకి పోవాల్సిన ఆ షీటును తీసి లైట్ టేబుల్ మీద పెట్టాడు. అసలైన షీటును కింద అరలో దాచాడు.

"మేడం అడిగినంత ఎరుపు ఇవాళ మొత్తం ఇచ్చేశాను," అన్నాడు బాబాయ్‌తో గుసగుసగా.

"తిడుతుందిరా."

"తిట్టనీ. తిట్టాక నవ్వుతుంది."

ఇద్దరూ పక్కన నిలబడి పెదవులు బిగబట్టారు. ఆమె వచ్చి వంగింది. ముసలాయన నుదురు చూసింది. భూతద్దం పెట్టి బుగ్గ చూసింది. కన్ను చూసింది. నిదానంగా, ఎప్పట్లాగే, దేన్నీ వదలకుండా చూసింది.

"ఎరుపు ఇంకాస్త ఉంటే బాగుండేది," అంది. "పర్లేదు. వేసేయండి."

పెన్ను తీసి సంతకం పెట్టింది.

బాబాయ్ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. మిషన్ మీద పనిచేసేవాళ్లలో ఒకడు ఆ షీటును దూరం నుంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. అంత దూరం నుంచి కూడా అతనికి కనబడుతోంది.

"మేడం," అన్నాడు ఆపరేటర్. "ఇంకోసారి చూడరూ."

"సంతకం పెట్టాక మళ్లీ ఏంటి?"

అతను అరలోంచి అసలు షీటు తీసి పక్కన పరిచాడు. అందులో ముసలాయన ఎవరింట్లోనైనా ఉండే తాతగారిలా ఉన్నాడు.

"ఈ రెండింటికీ తేడా ఉందా?"

ఆమె ఇటు చూసింది, అటు చూసింది. "ఇది రవ్వంత ముదురు. అంతేగా?"

ఆమె తలెత్తి బాబాయ్ ముఖం చూసింది. తర్వాత ఆపరేటర్ ముఖం. రంగులు తెలియకపోయినా ముఖాలు తెలుస్తాయి.

"ఏంటిది?" అంది నెమ్మదిగా. "చెత్త షీటా?"

"మిమ్మల్ని నవ్విద్దామని..."

"చెత్త షీటు మీద సంతకం పెట్టించుకున్నారా?"

"మీరు పెడతారని అనుకోలేదు మేడం. ఒట్టు."

ఆమె పెన్ను మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్లీ పెట్టింది. గొడుగు అక్కడే వదిలేసి వానలోకి నడిచింది.

* * *

గొడుగు పట్టుకుని అతను బస్టాపు దాకా పరుగెత్తాడు. రేకు కప్పు మీద వాన దడదడలాడుతోంది. ఆమె బెంచీ చివర కూర్చుని ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎడిటర్‌కి చెప్పేయండి," అంది అతన్ని చూడకుండా. "ఉద్యోగం పోతుంది. పోనీ."

"నేనెవరికీ చెప్పను."

"జాలి పడకండి."

"జాలి కాదు. భయం." అతను నిలబడే అడిగాడు. "మొదటి రోజు వెంట్రుకలో సగం చూశారు మీరు. నేను భూతద్దం పెట్టి కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కళ్లకి ఏమైంది?"

ఆమె స్కార్ఫ్ విప్పింది. మెడ పక్కన మానుతున్న చిన్న గాటు.

"ఇక్కడ గడ్డ వచ్చింది. టీబీ. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదన్నారు. తగ్గిపోతుందన్నారు. మాత్రలు వేసుకుంటున్నాను. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. తెలిస్తే మన గుమ్మం ఎవరూ తొక్కరంది." అతని వైపు చూసింది. "దూరంగా నిలబడతారా?"

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ మాత్రలకీ కళ్లకీ ఏమైనా సంబంధం ఉందా?"

"కళ్లకేం..." అని ఆగిపోయింది. ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్లింది. "మొదటి రోజు డాక్టరు చెప్పారు. చూపు మసకబారినా, రంగులు తేడాగా అనిపించినా వెంటనే పరుగెత్తుకు రమ్మన్నారు. లక్షమందికి చెప్పే మాటేగా అనుకున్నాను. ఎరుపు వెలిసినట్టు కనబడుతుంటే మీ లైట్లు బాగోలేవనుకున్నాను. మీ ఇంకు బాగోలేదనుకున్నాను. మిమ్మల్ని కూడా అనుమానించాను. నా కన్నుని తప్ప అన్నిటినీ అనుమానించాను."

"ఎప్పట్నుంచి?"

"బల్బులు మార్చమన్నప్పట్నుంచి."

ఆపరేటర్‌కి చలి వేసింది. వాన వల్ల కాదు. బల్బులు మార్చిన తర్వాతే ఎడిటర్ ఫోన్ వచ్చింది. ఆ రోజు అతను నిజం చెప్పి ఉంటే, ఆమెను ఎవరో ఒకరు నిలదీసేవారు. ఆమె అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లేది. మాట రాకూడదని అతను అడ్డం నిలబడ్డాడు. ఆ మాటే ఆమెకు రావాల్సింది.

లోపలున్న గంట ఇక మోగలేదు.

"లేవండి," అన్నాడు. "ఆస్పత్రికి. ఇప్పుడే."

* * *

డాక్టరు ఆమె ముందు చుక్కల బొమ్మల పుస్తకం పెట్టింది. రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదవాలి. ఆమె ఒక్కటీ చదవలేకపోయింది. ఉన్నపళంగా వచ్చిన తల్లి గోడకి చేరగిలబడి నిలబడింది.

"ఒక మాత్ర వల్ల కంటి నరం దెబ్బతింది," అంది డాక్టరు. "అది ఈ క్షణం నుంచి బంద్. దాని బదులు వేరే మందు ఇస్తాను. టీబీకి భయం లేదు. రంగులు మాత్రం నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తాయని మాట ఇవ్వలేను. ఇంకా ఆలస్యమైతే చూపే పోయేది. ఎవరు కనిపెట్టారు?"

తల్లి తిరిగి చూసింది. గుమ్మంలో తడిసి ముద్దయిన మనిషి ఒకడు గొడుగు మడిచి పట్టుకుని ఉన్నాడు.

"నువ్వెవరు బాబూ?"

"ప్రెస్‌లో మిషన్ ఆపరేటర్‌నండి."

"గొడుగు చేతిలో పెట్టుకుని తడిశావేం?"

అతను గొడుగు వైపు చూసుకున్నాడు. అప్పటిదాకా అతనికీ తెలియదు.

ఆస్పత్రి మెట్ల మీద ఆమె చెప్పింది. "రేపు రాజీనామా ఇచ్చేస్తాను. ఇంక మీరు మా ఇంటికి గానీ ఇక్కడికి గానీ రావద్దు."

"ఎందుకు?"

"మొదటి రోజు మీరు నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. అది నన్ను చూసిన చూపు కాదు. నా కన్నుని చూసిన చూపు. ఇప్పుడది లేదు."

అతనికి జవాబు దొరకలేదు. ఆమె గొడుగు అందుకుని, "తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది" అంది. విడిపోయేటప్పుడు మనుషులు ఇలాంటి మాటలే మాట్లాడతారు. అసలు మాటలు మెట్లు దిగి, వీధి దాటి, ఇంటికి చేరాక వస్తాయి. అప్పుడు వినేవాళ్లు ఉండరు.

* * *

చలికాలం గడుస్తోంది. పత్రిక నుంచి ఎవరెవరో వస్తున్నారు, టీ తాగుతున్నారు, సంతకం పెడుతున్నారు. ఆపరేటర్ నవ్వడం మానేశాడు. షీట్లు మాత్రం ఎన్నడూ లేనంత బాగా వస్తున్నాయి.

ఒకరోజు బాబాయ్ అతని చేతిలోంచి రెంచీ లాక్కున్నాడు.

"మీ పిన్ని చెప్పింది. ఇవాళ ఆ అమ్మాయికి మళ్లీ కళ్ల పరీక్షట. మొన్న ఆస్పత్రిలో వాళ్లమ్మ కలిసి, మాటల్లో చెప్పిందట."

"రావద్దంది బాబాయ్."

"రావద్దంది సరే. నువ్వు చెప్పాల్సింది చెప్పేశావా?"

అతను చేతికంటిన ఇంకు గుడ్డకి తుడుచుకున్నాడు.

"చెప్పకుండా ఊరుకుంటే ఆ ఎర్ర షీటు వేసినట్టే. తర్వాత ఎన్ని మంచివి వేసినా ఏం లాభం. ఫో."

ఆస్పత్రి నడవాలో బెంచీ మీద తల్లీ కూతుళ్లు కూర్చుని ఉన్నారు. పరీక్ష అయిపోయింది. ఆమె అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. అలసిపోయి ఉంది.

"సగం అంకెలు చదివాను," అంది అడక్కుండానే. "మిగతావి చుక్కల్లాగే ఉండిపోయాయి. ఇంక వస్తాయో రావో చెప్పలేమన్నారు. వినడానికేగా వచ్చారు? విన్నారుగా."

"వినడానికి కాదు. చెప్పడానికొచ్చాను." అతను నిలబడే చెప్పాడు. ఎడిటర్ ఫోన్, తను చెప్పిన అబద్ధం, తన మీద వేసుకున్న తప్పు. "మీకు మాట రాకుండా చేశాను. దానివల్ల నెలంతా ఆ మాత్ర మీ కళ్లని తిన్నది. మీ కళ్లు పోవడంలో నా చెయ్యి ఉంది. ఇది తెలియకుండా మీరు నన్ను మంచివాడనుకోవడం నాకు ఇష్టం లేదు."

నడవాలో ఎవరిదో పేరు పిలుస్తున్నారు. ఆమె అతని ముఖాన్ని, మునుపు షీట్లు చూసినట్టే, నిదానంగా చూసింది.

"ఎందుకు చేశారా పని?"

"మీరు ఎరుపు ఎరుపు అంటుంటే... నా దగ్గర ఇంకో గంట ఉండటానికి అంటున్నారనుకున్నాను."

"ఏంటీ?"

"ప్రెస్‌లో అందరూ అలాగే అనుకున్నారు."

"నేను రంగు కనబడక చస్తుంటే, మీరు మీ అందం చూడ్డానికి వచ్చాననుకున్నారా?"

"అందం అనుకోలేదండి. ఏదో ఒకటిలే అనుకున్నాను."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు నిండాయి. తుడుచుకుని అంది. "ఒక విషయం మీకూ తెలియదు. లైట్లు బాగోకపోతే ప్రెస్ మార్చేద్దామని ఎడిటర్ అన్నాడు. ఇంకో ప్రెస్ చూసి కూడా పెట్టాడు. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"లైట్లు బాగోలేవు గానీ... ఆపరేటర్ బాగానే ఉన్నాడని."

ఆపరేటర్ బెంచీ మీద కూలబడ్డాడు. బెంచీ ఆ చివర అదే సమయంలో తల్లి కూడా కాస్త కదిలింది. ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉన్న కూతురిని ఇప్పుడే చూస్తున్నట్టుగా చూసింది.

"నేను మిమ్మల్ని పెళ్లి చేసుకుంటానండి," అన్నాడతను.

"పిచ్చా మీకు? సగం అంకెలు రాలేదని ఇప్పుడేగా చెప్పాను."

"అందుకే ఇవాళ అడుగుతున్నాను. అన్నీ వచ్చాక అడిగితే, కన్ను కోసం అడిగానని బతుకంతా అనుకుంటారు. ఆ రోజు మెట్ల మీద నాకు జవాబు దొరకలేదు. ఇదే జవాబు."

"ఎప్పటికీ రాకపోతే?"

"రాకపోయినా చూడాల్సినవాళ్లని చూస్తూనే ఉన్నారుగా. ఇందాకట్నుంచి నా ముఖంలో ఏం చూస్తున్నారు?"

ఆమె చూపు దించుకుంది. చెంపలకు రంగు పొంగింది. ఎంత పొంగిందో ఆమెకు చెప్పేవాళ్లు కావాలి. అతను చెప్పలేదు, చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వేమీ అనవేంటే?" అంది చివరికి.

తల్లి లేచి చీర సర్దుకుంది. "ఆస్పత్రిలో ఏమంటానే. పద, బస్సు పోతుంది."

ముగ్గురూ బయటికొచ్చారు. వాళ్ల బస్సు వచ్చింది. తల్లి ముందు ఎక్కింది, వెనక్కి చూడకుండా. ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. అతని ఇల్లు ఇటు వైపు కాదు. ఆమెకు తెలుసు.

"మీరు ఇటు కాదుగా," అంది.

"కాదు," అని అతను ఎక్కేశాడు.

లోపల ఇద్దరు కూర్చునే సీట్లు రెండు ఖాళీగా ఉన్నాయి. తల్లి వాటిని దాటుకుంటూ వెళ్లి, డ్రైవర్ వెనకున్న ఒంటి సీట్లో కూర్చుని, కిటికీ వైపు తిరిగింది. కండక్టర్ దగ్గరికి రాగానే, తల తిప్పకుండానే గొంతు పెంచింది.

"బాబూ, మూడు టిక్కెట్లివ్వు."